చదవడానికి చాలు, రాయడానికి చాలదు

1924 జూన్ 4న ఢాకా యూనివర్సిటీ నుంచి సత్యేంద్రనాథ్ బోస్ బెర్లిన్‌లో ఉన్న ఐన్‌స్టైన్‌కి ఒక ఉత్తరం రాశాడు. దాంతోపాటు ఒక చిన్న పేపర్ పంపించాడు. బోస్-ఐన్‌స్టైన్ స్టాటిస్టిక్స్ అని మనం ఇవాళ చెప్పుకునే సంగతంతా ఆ పేపర్‌తోనే మొదలైంది. ఫిజిక్స్ చదివినవాళ్ళందరికీ ఈ కథ ఎంతో కొంత తెలిసే ఉంటుంది. అయితే నేనిక్కడ మాట్లాడాలనుకుంటున్నది ఫిజిక్స్ గురించి కాదు, ఆ ఉత్తరంలో భాష గురించి ఉన్న రెండు ముక్కల గురించి.

మొదటి ముక్క: ఈ పేపర్ బాగుందనిపిస్తే దీన్ని 'త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజీక్' అనే జర్నల్లో వేయించండి, దీన్ని జర్మన్‌లోకి అనువదించుకునేంత జర్మన్ నాకు రాదు అంటాడు. రెండో ముక్క: కొన్నాళ్ళ కిందట కలకత్తా నుంచి ఎవరో మీ రిలెటివిటీ పేపర్లని ఇంగ్లీష్‌లోకి అనువదించడానికి అనుమతి అడిగారు, మీరు సరేనన్నారు, ఆ పుస్తకం అచ్చయింది, అందులో మీ జనరల్ రిలెటివిటీ పేపర్‌ని అనువదించింది నేనే అంటాడు.

ఐన్‌స్టైన్ జర్మన్‌ని ఇంగ్లీష్‌లోకి తెచ్చినవాడే, తన ఇంగ్లీష్‌ని జర్మన్‌లోకి తీసుకెళ్ళలేనంటున్నాడు. పరాయి భాష ఒకటి సగం దాకా నేర్చుకున్నవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అతనికి జర్మన్ మీద రీడ్ యాక్సెస్ ఉంది, రైట్ యాక్సెస్ లేదు.

ఇవాళ హైదరాబాద్‌లో మాస్టర్స్ కోసం జర్మనీకి వెళ్దామనుకునే ప్రతి కుర్రాడికీ ఎ1, ఎ2, బి1 అనే మెట్లు తెలుసు. యూరప్ దేశాల కౌన్సిల్ 2001లో ప్రచురించిన ఈ కొలమానంలో మొత్తం ఆరు మెట్లున్నాయి. మధ్యలో ఉన్నది బి1, అంటే ఇంటర్మీడియట్. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు భాగాలు. దేనికదే వందకి అరవై తెచ్చుకోవాలి. 1924లో బోస్ ఈ పరీక్షకి కూర్చుని ఉంటే చదివే భాగంలో తేలిగ్గా గట్టెక్కి, రాసే భాగంలో ఆగిపోయేవాడేమో. ఆ రోజుల్లో ఇలాంటి మెట్లు లేవు. అవసరం ఎంతవరకుంటే అంతవరకు నేర్చుకున్నారు. ఆ అవసరం ఏమిటి, ఆ సగం జర్మన్‌తో వాళ్ళేం సాధించారు, దానికి ఏ మూల్యం చెల్లించారు అన్నదే ఈ వ్యాసం.

*

కథలో రెండో మనిషి మేఘనాద్ సాహా. 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెటూళ్ళో, చిన్న దుకాణం నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. 1905లో బెంగాల్ విభజన గొడవల్లో గవర్నర్ రాకకి నిరసనగా స్కూలు బహిష్కరించినవాళ్ళలో ఉన్నందుకు ఢాకా కాలేజియట్ స్కూలు నుంచి తీసేశారు. ఇంకో స్కూల్లో చేరి చదువు కొనసాగించాడు. ఢాకా కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు జర్మన్‌ని అదనపు సబ్జెక్టుగా తీసుకున్నాడు. వియన్నాలో చదువుకుని వచ్చిన నగేంద్రనాథ్ సేన్ అనే అధ్యాపకుడి దగ్గర నేర్చుకున్నాడు. అంటే సాహాది రెండు రకాలుగా 'ఇంటర్మీడియట్ జర్మన్'.

బోస్ కలకత్తా వాడు, సాహా కంటే కొద్ది నెలలు చిన్న. ఇద్దరూ ప్రెసిడెన్సీ కాలేజీలో కలిశారు. 1915లో ఎమ్మెస్సీ మిక్స్‌డ్ మ్యాథమెటిక్స్‌లో బోస్ ఫస్ట్, సాహా సెకండ్. ఆ మరుసటేడు ఇద్దరూ ఆశుతోష్ ముఖర్జీ కొత్తగా పెట్టిన యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో లెక్చరర్లుగా చేరారు. కొన్నాళ్ళకే ఎమ్మెస్సీ విద్యార్థులకి ఫిజిక్స్ చెప్పాల్సి వచ్చింది, అందులోనూ కొత్త ఫిజిక్స్. లెక్కల్లో డిగ్రీ తీసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు తాము ఎప్పుడూ క్లాసులో వినని పాఠాలని ముందు తాము నేర్చుకుని తర్వాత చెప్పాలి.

చిక్కల్లా ఏమిటంటే ఆ కొత్త ఫిజిక్స్ చాలావరకు జర్మన్‌లో ఉంది. ప్లాంక్, ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీ, ఫ్రాంక్, హెర్ట్జ్ అందరూ రాసింది జర్మన్‌లోనే. 'అన్నాలెన్ డెర్ ఫిజీక్', 'ఫిజికాలిషె త్సైట్‌ష్రిఫ్ట్' చదవలేనివాడికి క్వాంటం సిద్ధాంతం వదంతిలాగా వినబడుతుందంతే. ఇది కలకత్తా వాళ్ళకి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో కెమిస్ట్రీలో డాక్టరేట్ చెయ్యాలంటే జర్మన్ చదవగలనని పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. మాట్లాడక్కర్లేదు, రాయక్కర్లేదు, డిక్షనరీ దగ్గర పెట్టుకుని పేపర్ అర్థం చేసుకుంటే చాలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ళకి భారతంలాంటి 'బైల్‌స్టైన్' సంపుటాలు 1980ల దాకా జర్మన్‌లోనే వచ్చాయి. 'సైంటిఫిక్ జర్మన్' అని ఒక ప్రత్యేకమైన కోర్సు, దానికి ప్రత్యేకమైన పాఠ్యపుస్తకాలు ఉండేవి. కాఫీ ఎలా అడగాలో నేర్పని జర్మన్ అది.

కలకత్తాలో అదనంగా ఉన్నది యుద్ధం. 1914 నుంచీ జర్మనీ శత్రుదేశం. కొత్త పుస్తకాలు, జర్నల్స్ రావడం ఆగిపోయింది. చదువుకోడానికి బెర్లిన్ వెళ్ళిన దేవేంద్రమోహన్ బోస్ యుద్ధం అయ్యేదాకా అక్కడే చిక్కుకుపోయి 1919లో గానీ తిరిగి రాలేదు. కలకత్తాలో మిగిలినవాళ్ళకి దారి చూపించింది పాల్ బ్రూల్. జర్మన్ మాట్లాడే ప్రాంతం నుంచి వచ్చి, శిబ్‌పూర్‌లోని ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసిన మనిషి. మొక్కల మీద ఆసక్తి ఎక్కువ. ఆయన సొంత లైబ్రరీలో జర్మన్ ఫిజిక్స్ పుస్తకాలుండేవి. బోస్ వాటిని అరువు తెచ్చుకుని చదివాడు. ఒక దేశపు సైన్స్ ఒక మనిషి ఇంట్లో బీరువాలోంచి రావడం మనకిప్పుడు నమ్మశక్యంగా ఉండదు.

*

1919 మే 29న వచ్చిన సూర్యగ్రహణం ఫొటోలని కొలిచి, ఐన్‌స్టైన్ చెప్పినట్టే కాంతి వంగుతోందని ఆ నవంబర్లో లండన్‌లో ప్రకటించారు. ప్రపంచమంతా రిలెటివిటీ గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. మూల పేపర్లు మాత్రం ఇంగ్లీష్‌లో లేవు. సాహా, బోస్ కలిసి ఆ పని చేశారు. 1905 నాటి ఐన్‌స్టైన్ పేపర్, మింకోవ్‌స్కీ పేపర్ సాహా వంతు. 1916 నాటి జనరల్ రిలెటివిటీ పేపర్ బోస్ వంతు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ చారిత్రక పరిచయం రాశాడు. 1920లో కలకత్తా యూనివర్సిటీ దాన్ని 'ది ప్రిన్సిపుల్ ఆఫ్ రిలెటివిటీ' పేరుతో అచ్చువేసింది. ఇంగ్లీష్ ప్రపంచం ఎక్కువగా వాడుకున్న పెరెట్, జెఫ్రీల అనువాదం లండన్ నుంచి వచ్చింది 1923లో. 1920 నాటికి సాహా, బోస్‌ల వయసు ఇరవై ఆరు, ఇరవై ఏడు.

మధ్యస్థాయి జర్మన్‌తో అంత పెద్ద పని ఎలా సాధ్యమైంది? నేను బి1 దాకా చదివిన అనుభవంతో నాకు తోచింది చెప్తాను. ఒక కారణం అందరికీ తెలిసిందే, సమీకరణాలకి అనువాదం అక్కర్లేదు. పేపర్లో ఏం జరుగుతోందో లెక్క చెప్తుంటే, మధ్యలో ఉన్న వాక్యాన్ని సగం ఊహించుకోవచ్చు. రెండో కారణం జర్మన్ కట్టుబడిలోనే ఉంది, అది మన భాషల వాళ్ళకి అనుకున్నంత పరాయిది కాదు.

ఇంగ్లీష్ మీదుగా జర్మన్‌కి వెళ్ళేవాళ్ళు మొదట బెదిరేది ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం చూసి. తెలుగులో క్రియ చివర కాక ఇంకెక్కడుంటుంది? బెంగాలీలోనూ అంతే. ఇక పొడుగాటి జర్మన్ మాటలు. బోస్ పేపర్ శీర్షికలోనే ఒకటుంది: 'లిష్ట్‌క్వాంటెన్‌హిపొటేజె'. లిష్ట్ అంటే కాంతి, క్వాంటెన్ అంటే క్వాంటాలు, హిపొటేజె అంటే పరికల్పన. షష్ఠీ తత్పురుషాలు విడదీసి విగ్రహవాక్యం చెప్పడం హైస్కూల్లో నేర్చుకున్నవాడికి ఇదేం లెక్క? చివరి ముక్క పట్టుకుని వెనక్కి రావాలి, అంతే.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది శాస్త్రీయ జర్మన్‌లో అడుగడుగునా కనిపించే ఒక నిర్మాణం. 'డీ ఫొన్ ఐన్‌స్టైన్ ఇన్స్ డాయ్‌చె యూబర్‌జెట్స్‌టె ఆర్బైట్'. దీన్ని ఇంగ్లీష్‌లో చెప్పాలంటే వాక్యాన్ని విరిచి, నామవాచకం ముందు పెట్టి, మిగతాదంతా వెనక తగిలించాలి. తెలుగులో వరస మార్చకుండా దించెయ్యొచ్చు: 'ఐన్‌స్టైన్ జర్మన్‌లోకి అనువదించిన పేపర్'. మనం చిన్నప్పుడు ధాతుజ విశేషణం అని చదువుకున్నది ఇదే. మన ఊళ్ళల్లో ఇంగ్లీష్ మీడియం వాడికి తలనొప్పి తెప్పించే వాక్యం, తెలుగు మీడియం వాడికి పరిచయస్తుడిలాగా కనిపిస్తుంది.

మరి రాయడం దగ్గర ఎందుకు ఆగిపోతారు? అక్కడ జర్మన్ తన అసలు లెక్క బయటకి తీస్తుంది. ప్రతి నామవాచకానికీ ఒక లింగం ఉంటుంది: డెర్, డీ, డాస్. అమ్మాయి అనే మాట 'మేట్‌షెన్' నపుంసకలింగం. 'బస్సు వచ్చింది, అమ్మాయి వచ్చింది' అనే మనం దానికి నవ్వకూడదనుకోండి. ఆ లింగాన్ని బట్టి, నాలుగు విభక్తుల్ని బట్టి ముందున్న ఆర్టికల్ మారుతుంది, దాని వెనకున్న విశేషణం చివర అక్షరం మారుతుంది. చదివేటప్పుడు ఇవన్నీ అచ్చులో ఉంటాయి. ఒకటి రెండు పట్టించుకోకపోయినా అర్థం తప్పిపోదు. రాసేటప్పుడు ప్రతి ఒక్కటీ మన బుర్రలోంచి రావాలి. చదివేవాడు ఎదురుగా ఉన్న సమాధానాన్ని గుర్తుపడితే చాలు, రాసేవాడు ఆ సమాధానాన్ని తయారుచెయ్యాలి. వ్యాకరణ లింగమే లేని బెంగాలీ మనిషికి ఇది ఇంకా కష్టం. తప్పుల్లేని నాలుగు పేజీలు జర్మనీలోని పెద్ద జర్నల్‌కి రాయడమంటే చదవడానికి పట్టిన దానికి ఎన్నో రెట్లు శ్రమ. అందుకే ఐన్‌స్టైన్‌ని చదివి అర్థం చేసుకోగలిగినవాడు కూడా ఆయన్ని సాయం అడిగాడు.

*

సగం జర్మన్ ఏం చెయ్యగలదో చెప్పడానికి సాహా కథ మంచి ఉదాహరణ. 1919లో 'ఫిజికాలిషె త్సైట్‌ష్రిఫ్ట్'లో ఎగ్గెర్ట్ అనే అతని పేపర్ వచ్చింది. నక్షత్రాల లోపల వేడికి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడాన్ని, రసాయన చర్యల్ని లెక్కకట్టినట్టే లెక్కకట్టొచ్చని అందులో చూపించాడు. కలకత్తాలో సాహా దాన్ని చదివాడు. ఎగ్గెర్ట్ లెక్కలో ఒక సంఖ్య సరైన ఆధారం లేకుండా ఊహ మీద నిలబడిందని పట్టుకున్నాడు. దాని బదులు, ఒక్కో మూలకం నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టడానికి ఎంత శక్తి కావాలో ప్రయోగాలు, బోర్ సిద్ధాంతం చెప్తున్న విలువల్నే వాడితే ఏ ఉష్ణోగ్రతలో, ఏ పీడనంలో ఎంత భాగం అయనీకరణం చెందుతుందో నేరుగా వచ్చేస్తుంది. 1920లో 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో ఇంగ్లీష్‌లో ప్రచురించాడు. సాహా సమీకరణం అంటే ఇదే. నక్షత్రాల వర్ణపటాలు ఎందుకు ఒకదానికొకటి తేడాగా ఉంటాయో, ఆ తేడాని బట్టి వాటి వేడిని ఎలా అంచనా వెయ్యాలో దాన్నుంచే తెలిసింది.

ఆ పేపర్ చదవడానికి సాహాకి జర్మన్‌లో కవిత్వం అర్థం కానక్కర్లేదు. ఒక వాక్యంలో 'అనుకుందాం' అని ఉందా, 'నిరూపించాం' అని ఉందా తెలిస్తే చాలు. ఆ ఏడాదే యూరప్ వెళ్ళి, లండన్‌లో కొన్నాళ్ళుండి, తర్వాత బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ లేబొరేటరీలో పనిచేశాడు. ఎగ్గెర్ట్ ఆ నెర్న్‌స్ట్ శిష్యుడే.

బోస్‌ది ఇంకో దారి. 1921లో ఢాకా యూనివర్సిటీలో రీడర్‌గా చేరాడు. కాంతిని విడివిడి కణాలుగా అనుకుని, ఆ కణాల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా చెప్పలేమనే లెక్క మీద ప్లాంక్ సూత్రాన్ని రాబట్టాడు. పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం సాయమే తీసుకోలేదు. ఐన్‌స్టైన్ ఆ పేపర్ చదివి, స్వయంగా జర్మన్‌లోకి అనువదించి, ఇది ముఖ్యమైన ముందడుగు అని అనువాదకుడి మాట ఒకటి చేర్చి పంపించాడు. 1924లో అది అచ్చయింది. రచయిత పేరు దగ్గర ఇనిషియల్స్ కూడా లేవు, 'బోస్, ఢాకా యూనివర్సిటీ, ఇండియా' అని మాత్రమే ఉంది. యుద్ధం తర్వాత జర్మన్ శాస్త్రవేత్తల్ని అంతర్జాతీయ సంస్థల నుంచి వెలివేసిన రోజులవి. ఆ వెలి ఉండగానే బ్రిటిష్ ఇండియా నుంచి ఒక పేపర్ బెర్లిన్ చేరి జర్మన్‌లో వెలువడింది.

ఇది అందరికీ నచ్చే కథ. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బోస్ వెంటనే రెండో పేపర్ కూడా పంపాడు. దాన్నీ ఐన్‌స్టైనే అనువదించాడు. ఈసారి మాత్రం ఈ వాదనతో నేను ఏకీభవించడం లేదని చివర తన నోట్ చేర్చాడు. పాఠకుడు బోస్ వాదన, దానికి అభ్యంతరం ఒకే చోట, ఒకే చేతి జర్మన్‌లో చదివాడు. ఐన్‌స్టైన్ చేసింది తప్పని కాదు, ఆయన దాపరికం లేకుండానే చెప్పాడు. కానీ తన వాదనని ఆ భాషలో తనే వినిపించుకునే అవకాశం బోస్‌కి లేకపోయింది.

మొదటి పేపర్లో కూడా చిన్న సంగతొకటుంది. లెక్క కుదరడానికి రెండుతో గుణించాలి. ఎందుకు రెండు అన్నదానికి అచ్చయిన పేపర్లో పెద్దగా వివరణ లేదు. 1931లో సి.వి. రామన్, సూరి భగవంతం కలిసి కాంతి కణానికి స్పిన్ ఉందని చూపించే ప్రయోగం గురించి ఒక పేపర్ రాశారు. భగవంతం మన కృష్ణా జిల్లా మనిషి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి కలకత్తాలో రామన్ దగ్గర చేరినవాడు. ఆ రెండుకి కారణం కాంతి కణానికి సొంత స్పిన్ ఉండటమేనని బోస్ అప్పుడే ఊహించాడనీ, ఈ సంగతి తమకి బోసే స్వయంగా చెప్పాడనీ వాళ్ళు ఆ పేపర్లో నమోదు చేశారు. ఆ మాటని ఐన్‌స్టైనే కొట్టేశాడని బోస్ పెద్దవయసులో చెప్పినట్టు ఆయన శిష్యుడొకరు రాశారు. అది ఎంతవరకు నిజమో తేల్చడం నా పని కాదు. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఒకటే. ఏం పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పడానికి రచయిత సొంత జర్మన్ ప్రతి అంటూ ఏదీ లేదు. ఢాకాలో ఇంగ్లీష్‌లో రాసిన పేపర్‌ని, ఇంగ్లీష్ పాఠకులు 1976లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో జర్మన్ నుంచి వెనక్కి చేసిన అనువాదంలో చదువుకున్నారు.

*

తర్వాత పదేళ్ళలోనే పరిస్థితి తిరగబడింది. 1933లో నాజీలు యూదు ప్రొఫెసర్లని ఉద్యోగాల నుంచి తీసేశారు. ఐన్‌స్టైన్ మళ్ళీ జర్మనీలో అడుగుపెట్టలేదు. వెళ్ళిపోయినవాళ్ళు ఇంగ్లీష్‌లో రాయడం మొదలుపెట్టారు. 1945 తర్వాత సైన్స్ భాష ఇంగ్లీషే అయిపోయింది. డాక్టరేట్‌కి జర్మన్ పరీక్ష మెల్లగా మాయమైంది. ఇవాళ జర్మనీలోనే ఎన్నో మాస్టర్స్ కోర్సులు ఇంగ్లీష్‌లో చెప్తున్నారు. ఇప్పుడు మన పిల్లలు జర్మన్ నేర్చుకునేది పేపర్లు చదవడానికి కాదు. పార్ట్‌టైమ్ పని, ఇల్లు అద్దెకి తీసుకోవడం, ఆ తర్వాత ఉద్యోగం, వీసా వీటి కోసం. సాహా, బోస్‌లకి అవసరం లేని మాట్లాడే భాగమే వీళ్ళకి ప్రాణం. వాళ్ళకి ప్రాణమైన చదివే భాగం వీళ్ళకి పరీక్షలో ఒక గంట. రెండు తరాలూ 'ఇంటర్మీడియట్ జర్మన్' అన్న పేరుతో రెండు వేరే భాషలు నేర్చుకున్నట్టు అనిపిస్తుంది నాకు.

ఇందులో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చెప్పబోవడం లేదు. సగం భాషని చిన్నచూపు చూడటం మాత్రం సరికాదని బోస్, సాహాల అనుభవం చెప్తుంది. సాహాకి ఇంటర్‌లో నేర్చుకున్న జర్మన్ ఒక సమీకరణం ఇచ్చింది. అదే సమయంలో, రాయలేని భాషలో మన మాట ఇంకొకరి చేతిలో ఉంటుందన్నది కూడా అంతే నిజం. ఆ ఇంకొకరు ఐన్‌స్టైన్ అంతటివాడైనా సరే.

1948లో బోస్ కలకత్తాలో 'బంగీయ విజ్ఞాన పరిషత్' స్థాపించి, బెంగాలీలో సైన్స్ చెప్పడానికి 'జ్ఞాన్ ఓ విజ్ఞాన్' అనే పత్రిక మొదలుపెట్టాడు. సైన్స్‌ని మాతృభాషలో చెప్పలేమనేవాళ్ళతో జీవితాంతం వాదించాడు. చదవడం, రాయడం రెండూ వచ్చిన భాష ఒకటి మనిషికి ఉండాలన్న పట్టుదల అది. మన తరంలో ఈ లెక్క ఇంకోలా ఉంది. తెలుగు గడగడా మాట్లాడతాం, కూడబలుక్కుని చదువుతాం, రాయమంటే ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తాం. బి1 పరీక్ష తెలుగులో పెడితే మనలో ఎంతమంది నాలుగు భాగాలూ పాసవుతామో ఆలోచించాల్సిన విషయమే.

జర్మన్ క్లాసులకి వెళ్తున్నవాళ్ళకి చివరగా ఒక సలహా. 1924 నాటి బోస్ పేపర్ నాలుగు పేజీలే. బి1 పూర్తయినవాళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక ఆదివారం కూర్చుంటే చదివెయ్యొచ్చు. లెక్క అర్థం కాకపోయినా వాక్యాలు అర్థమవుతాయి. సమాసాలు విడదీసుకుంటూ, చివర క్రియ దాకా ఓపిక పట్టి చదవండి. ఆ రెండు ఎక్కడ వస్తుందో, అక్కడ ఎంత తక్కువ రాసి ఉందో మీ కళ్ళతో మీరే చూడొచ్చు.